డబ్బులిచ్చి కొన్న యాంటీవైరస్ నోరు విప్పదు, మరి డిఫెండర్ ఒక్కటే చాలా?

నూజివీడు రసం:
నాకు చూపు లేదు, పనంతా ఎన్‌వీడీఏతోనే, అంటే తెర మీదున్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో. పోయిన నెల ల్యాప్‌టాప్ కొంటే షాపతను ఏడాది ఫ్రీ అని ఒక యాంటీవైరస్ వేసిచ్చాడు. తెరిచి ట్యాబ్ కొడితే "బటన్, బటన్, గ్రాఫిక్, బటన్" అంటుంది తప్ప ఏది స్కానో ఏది రెన్యువలో చెప్పదు. మొన్న వర్డ్‌లో టైప్ చేస్తుంటే టింగుమని మోగింది, ఆ తర్వాత నేను కొట్టే అక్షరాలు ఎటు పోతున్నాయో తెలీదు, సాయంత్రం చెల్లి వచ్చి చూస్తే స్క్రీన్ మధ్యలో ఒక డబ్బా, "ఈ ఫైలు తీసేయాలా, వదిలేయాలా" అని. ఇంకో స్పేస్ కొట్టి ఉంటే దేనికి ఒప్పుకునేవాడినో. దీన్ని పీకేసి విండోస్‌తో వచ్చే డిఫెండర్‌తో సరిపెట్టుకోవచ్చా, లేక స్క్రీన్ రీడర్‌తో బాగా పనిచేసేది ఏదైనా కొనాలా?

కీబోర్డు మాస్టారు:
పీకేయండి. విండోస్ 8 నుంచి డిఫెండర్ సిస్టమ్‌లోనే ఉంటోంది, ఇంకో యాంటీవైరస్ ఎక్కగానే తను పక్కకి తప్పుకుంటుంది, అది పోగానే మళ్లీ డ్యూటీ ఎక్కుతుంది. సెట్టింగ్స్‌లో యాప్స్‌కి వెళ్లి తీసేసి, రీస్టార్ట్ చేసి, విండోస్ సెక్యూరిటీ తెరిచి రియల్ టైమ్ ప్రొటెక్షన్ ఆన్‌లో ఉందో లేదో ఒకసారి వినండి, అంతే. ఏ ఫైలు మీద అనుమానం ఉన్నా దాని మీద షిఫ్ట్ ఎఫ్10 కొడితే వచ్చే మెనూలో డిఫెండర్‌తో స్కాన్ చేసే లైను ఉంటుంది, అసలు ప్రోగ్రామ్ తెరిచే పనే లేదు.

ఆ మూగతనానికి కారణాలు రెండు. ఒకటి, చాలా కంపెనీలు విండోని బొమ్మలాగా గీస్తాయి, బటన్లకి పేర్లు పెట్టరు, పేరు లేనిదాన్ని ఎన్‌వీడీఏ మాత్రం ఏమని పిలుస్తుంది? రెండోది ఇంకా తమాషా. ఎన్‌వీడీఏ తన కోడ్ ముక్క ఒకదాన్ని నడుస్తున్న ప్రోగ్రామ్‌ల లోపలికి పంపి సమాచారం తెచ్చుకుంటుంది, యాంటీవైరస్‌కేమో అలా లోపలికి తొంగిచూసేవాడు ఎవడైనా దొంగే. మన కళ్లనే దొంగ కింద లెక్కేసి గేటు వేస్తుందన్నమాట.

జిరాక్స్ అన్న:
మాస్టారూ, ఇంట్లో కూర్చుని మెయిల్ చూసుకునేవాళ్లకి మీ మాట కరెక్టే. నాకు చూపు బాగా తక్కువ, అయినా జిరాక్స్ షాపు నడుపుతున్నా. హాల్ టికెట్ల సీజన్ వస్తే పొద్దున్నుంచి పెన్‌డ్రైవ్‌ల వరసే, ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లైపోయే ఆ దిక్కుమాలిన వైరస్ ఇప్పటికి రెండుసార్లు పట్టింది. పెన్‌డ్రైవ్ పెట్టగానే డిఫెండర్ దానంతటది మొత్తం స్కాన్ చేయదు. నేను కొన్నది చేస్తుంది. దాని విండో సగం చదవదు, నిజమే, కానీ నాకు ఆ విండోతో పనేంటి?

బెంచ్ మీద ఉన్నా:
నాకు చూపు ఉంది, తప్పైతే చెప్పండి. జర్మనీలో ఏవీ-టెస్ట్ అనే ల్యాబ్ యాంటీవైరస్‌లకి మార్కులిస్తుంది కదా, రక్షణకి 6, వేగానికి 6, యూజబిలిటీకి 6. యూజబిలిటీలో 6 వచ్చినవాటిలో ఒకటి ఎంచుకుంటే గొడవే ఉండదుగా?

కీబోర్డు మాస్టారు:
తమ్ముడూ, అందరూ పడే గొయ్యే అది. వాళ్ల యూజబిలిటీ అంటే మంచి ఫైళ్లని వైరస్ అని ఎన్నిసార్లు పొరపడిందన్న లెక్క. బటన్‌కి పేరుందా, కీబోర్డుతో నడుస్తుందా అన్నది ఆ మార్కుల్లో లేనే లేదు. ఆ 6 చూసి నేనూ ఒకటి కొని వెయ్యి రూపాయలు వదిలించుకున్నా.

జిరాక్స్ అన్నకి ఒక్క ప్రశ్న. విండోతో పని లేదు సరే, అలారంతో కూడా లేదా? అది అడిగేది వినపడకపోతే, జవాబు కౌంటర్ దగ్గర నిలబడ్డ కుర్రాడు చెప్పాలి. ఐకార్ ఫైలు పెట్టి చూడండి, 68 అక్షరాల వరస, ఏ హానీ చేయదు, యాంటీవైరస్ పనిచేస్తోందో లేదో చూడడానికే కనిపెట్టింది. నోట్‌ప్యాడ్‌లో అతికించి సేవ్ చేయండి, స్క్రీన్ ఆపేసి మరీ. ఏం వినిపించిందో ఇక్కడ రాయండి.

నూజివీడు రసం:
ముందు నేనే చేశా. షాపు యాంటీవైరస్: టింగ్, తర్వాత నిశ్శబ్దం. దాన్ని తీసేయడానికే చెల్లి కావాల్సి వచ్చింది, ఎందుకు తీసేస్తున్నారు అని అడిగే పేజీ కూడా బొమ్మే. డిఫెండర్: ఫైలు సేవ్ చేసిన కాసేపటికి ఎన్‌వీడీఏ "థ్రెట్స్ ఫౌండ్" అని నోటిఫికేషన్ మొత్తం చదివింది. హిస్టరీలోకి వెళ్లి ఫైలు తీసేయడం మాత్రం కొంచెం చాకిరీనే, ఒక్కోదాన్ని విప్పుకుంటూ పోవాలి, మొదటిసారి పది నిమిషాలు పట్టింది.

జిరాక్స్ అన్న:
నేనూ చేశా. చెప్పడానికి సిగ్గుగా ఉంది, నాదీ టింగే. డిఫెండర్‌కి మారి చూస్తే నోటిఫికేషన్ చదివింది, కానీ తీసేయమనగానే విండోస్ పర్మిషన్ అడిగే స్క్రీన్ వచ్చి ఎన్‌వీడీఏ ఆగిపోయింది.

కీబోర్డు మాస్టారు:
మీరు ఎన్‌వీడీఏని ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్‌లోంచి నడిపే పోర్టబుల్ కాపీ వాడుతున్నారా? అది ఆ స్క్రీన్ మీద మాట్లాడలేదు. సిస్టమ్‌లో ఇన్‌స్టాల్ చేస్తే మాట్లాడుతుంది.

జిరాక్స్ అన్న:
అవును, పోర్టబుల్‌దే. సరే, ఇన్‌స్టాల్ చేస్తా. కానీ డబ్బులిచ్చినదాన్ని సెప్టెంబర్ దాకా తీయను, కట్టింది కట్టేశా, పెన్‌డ్రైవ్‌ల పని దానిదే. అప్పటిదాకా టింగుమంటే మా ఆవిడని పిలుస్తా.

నూజివీడు రసం:
అన్నా, వదిన షాపులో లేనప్పుడు?

జిరాక్స్ అన్న:
పెన్‌డ్రైవ్ తీసుకోను. వాట్సాప్‌లో పంపమంటా.