షిట్జు కుక్కపిల్లని మొదటిసారి గ్రూమింగ్‌కి తీసుకెళ్తున్నాం, ఇంట్లో ముందు ఏం అలవాటు చెయ్యాలి?

ప్రశ్న (అమలాపురం దగ్గర నుంచి):
నమస్కారమండి. మా షిట్జు ఆడ కుక్కపిల్లకి ఏడో నెల నడుస్తోంది. ఇంతవరకూ ఇంట్లో స్నానమే తప్ప కత్తెర పెట్టలేదు. జుట్టు కళ్లమీద పడి దారి కనపడట్లేదు. కొబ్బరితోటలోకి వెళ్లొస్తే చంకల్లో, పొట్టకింద ఉత్తరేణి గింజలు అతుక్కుని వస్తాయి. తియ్యబోతే నా చెయ్యి పళ్లతో పట్టుకుంటుంది. వచ్చే నెల కాకినాడ తీసుకెళ్దామనుకుంటున్నాం. మిక్సీ వేస్తేనే మంచం కిందకి దూరే పిల్ల, అక్కడ మిషన్లకి ఏమైపోతుందోనని మా అమ్మ బెంగ. ఎండలకి గుండు చేయించెయ్యమని మావయ్య అంటున్నారు. ఏం చెయ్యమంటారు?

జవాబు (భీమవరం నుంచి):
నెల టైముంది కదండీ, అమ్మగారిని బెంగపడొద్దని చెప్పండి. కొత్తమనిషి పాదం పట్టుకోవడం, చెవి పక్కన మిషన్ మోగడం, ఎత్తు బల్లమీద నిలబడాల్సి రావడం, ఈ మూడిటికే కుక్కలు ఎక్కువ హడలిపోతాయి. మూడూ ఇంట్లోనే అలవాటు చెయ్యొచ్చు.

రోజూ తిండికి ముందు, ఆకలిమీద ఉన్నప్పుడు, ఒక పాదం పట్టుకుని వేళ్ల మధ్య మెల్లగా నొక్కండి. వెంటనే ఉప్పూకారం లేకుండా ఉడికించిన చికెన్ ముక్క పెట్టండి. ముందు పట్టుకోవడం, తర్వాతే ముక్క. ఈ వరస తిరగబడితే ముక్క చూపించగానే అనుమానపడి పారిపోతుంది. కాలు లాక్కుంటే కోప్పడకండి, మర్నాడు ఇంకా తక్కువసేపు పట్టుకోండి. చెవులు, గడ్డం, తోక కింద కూడా ఇలాగే.

శబ్దానికి ఇంట్లో గడ్డం ట్రిమ్మర్ చాలు. పక్క గదిలో ఆన్ చేయించి మీరిక్కడ ముక్కలు పెట్టండి. హాయిగా తింటుంటే కాస్త దగ్గరకి తెప్పించండి. చివరికి బ్లేడు లేని వైపు దాని భుజానికి ఆనించండి, ఆ అదురు ఒంటికి తెలియాలి. తినడం ఆపేసినా, చెవులు వెనక్కి పెట్టినా, ఊరికే పెదాలు నాక్కుంటున్నా మీరు తొందరపడ్డట్టే. ట్రిమ్మర్ మళ్లీ దూరం జరపండి. బల్లమీద జారని రబ్బరు మ్యాట్ వేసి కాసేపు నిలబెట్టండి, చెయ్యి మాత్రం వదలకండి.

గుండు వద్దండి. షిట్జు జుట్టు పెరుగుతూనే ఉంటుంది, పొట్టిగా కత్తిరిస్తే ఇబ్బంది లేదు. చర్మం బయటపడేలా గీయిస్తే మాత్రం ఎండకి కందిపోతుంది. ఓ అంగుళం ఉంచి ఒళ్లంతా సమంగా కత్తిరించే పప్పీ కట్ చెయ్యమనండి. పామేరియన్, గోల్డెన్ రిట్రీవర్ ఉన్నవాళ్లు కూడా చదువుతుంటే, వాటికి అసలు గుండు చేయించకండి. వాటిది రెండు పొరల బొచ్చు, ఒక్కోసారి మళ్లీ సరిగ్గా రాదు.

ఇంకో మాట. మీది పొట్టి ముక్కు జాతి. కుక్క ఒళ్లు చల్లబడేది ప్రధానంగా రొప్పడం వల్లే, మన ఉక్కలో గాల్లో తేమ ఎక్కువై ఆ రొప్పడం సరిగా పనిచెయ్యదు. అందుకే పొద్దున్నే మొదటి అపాయింట్‌మెంట్ అడగండి. బోనులో పెట్టి వేడిగాలి వదిలేసి వెళ్లిపోయే చోటైతే తీసుకెళ్లకండి.

మళ్లీ అడిగినవారు:
చాలా థాంక్సండి. చంకల్లో జుట్టు ఉండలు కట్టింది. ముందురోజు స్నానం చేయించి విడదియ్యమంటారా? కారెక్కితే వాంతి చేసుకుంటుంది. నిద్రమాత్ర వెయ్యమని ఒకాయన చెప్పారు.

జవాబు (తణుకు నుంచి):
స్నానం వద్దండి, తడిస్తే ఉండ ఇంకా బిగుసుకుంటుంది. పొడిగా ఉన్నప్పుడే, మొదలు దగ్గర వేళ్లతో గట్టిగా పట్టుకుని, కొసల నుంచి దువ్వెనతో కొంచెం కొంచెం విప్పండి. మొదలు పట్టుకుంటే లాగినా చర్మానికి తెలియదు, అప్పుడు మీ చెయ్యీ కొరకదు. రాకపోతే వదిలెయ్యండి. కత్తెరతో కొయ్యొద్దు, ఉండతోపాటు చర్మం పైకి లేచి తెగుతుంది. కొబ్బరినూనె రాసి పంపొద్దు.

బయల్దేరడానికి మూడు నాలుగు గంటల ముందే కొద్దిగా తిండి పెట్టండి, నీళ్లు మానిపించకండి. ముమ్మిడివరం మీదుగా వెళ్తే ఎదుర్లంక వంతెన దాటి యానాంలో ఆగి, గొలుసుతో కాసేపు నడిపించి ఒంటికి పోయించండి. నిద్రమాత్ర మాత్రం వద్దే వద్దు. పొట్టి ముక్కు కుక్కకి మత్తులో ఊపిరి కష్టమవుతుంది. వాంతికైనా భయానికైనా మందు పశువైద్యుల్నే అడగండి.

టీకాల కార్డు వెంట ఉంచుకోండి. మూడు నెలలు నిండాక వేసే రేబిస్ టీకా ఇంకా వేయించకపోతే ముందది చూడండి. ఏటా జూలై 6న పశువుల ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తుంటారు గానీ, అంతవరకూ ఆగొద్దు. వేళ్ల సందుల్లో, చెవుల్లో పిడుదులు ఉన్నాయేమో చూసి, ఉంటే గ్రూమర్‌కి ముందే చెప్పండి. పిడుదులకి మెడ మీద చుక్కల మందు వేసి ఉంటే రెండు రోజులు స్నానం కుదరదు, తేదీ చూసుకోండి.

మొదటిసారికి స్నానం, గోళ్లు, కళ్లమీద జుట్టు, ఇంతవరకే చెయ్యమనండి, పప్పీ కట్ తర్వాతిసారి చేయించొచ్చు. బెదిరితే గోళ్లు కూడా ఇంకోరోజుకి వదిలెయ్యమనండి. ఇంటికొచ్చాక తల అదేపనిగా విదిలిస్తున్నా, చెవి గోక్కుంటున్నా, చర్మం ఎర్రగా కందినా ఆలస్యం చెయ్యకుండా డాక్టరుగారికి చూపించండి. వేలాడే చెవుల్లో నీళ్లు నిలిస్తే మన తేమకి చీము పడుతుంది.