దవడకి కాలి ఎముక వేస్తారట, తర్వాత తినగలరా?

ప్రశ్న: గుట్కా వల్ల నాన్నకి కింది దవడ క్యాన్సర్. ఒక వైపు ఎముక తీసేసి కాలి ఎముకతో కడతామన్నారు. నడక, తిండి ఎలా ఉంటాయండీ? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: మా బాబాయికి ఇదే చేశారు. తీసేది ఫిబులా అనే సన్న ఎముక, ఒంటి బరువు ఎక్కువగా మోసేది పక్కనున్న పెద్ద ఎముకే కాబట్టి నడక గురించి మరీ భయపడకండి, చీలమండ కొన్నాళ్లు బిగుసుకున్నట్టు ఉండింది అంతే. 1989 నుంచీ దవడకి వాడుతున్న పద్ధతే. మొదటి రెండు మూడు రోజులే కీలకం, ఆ ఎముకకి రక్తం అందేలా మెడ దగ్గర అతికించిన రక్తనాళం మూసుకుపోతే మళ్లీ ఆపరేషన్ థియేటర్‌కే.

ఇంకో జవాబు: తిండి మెల్లగానే. ముందు ముక్కులో పైపు, తర్వాత జావ, మెత్తన్నం. రేడియేషన్ ఇస్తే నోరు తెరిచే వ్యాయామం రోజూ చేయించండి, మా అమ్మ బద్ధకించింది, ఇప్పుడు నోట్లో రెండు వేళ్లు కూడా పట్టవు.

ప్రశ్న: మరి పళ్లు?

జవాబు: ఆ ఎముకలోనే ఇంప్లాంట్లు (కట్టుడు పళ్లు నిలబెట్టే మరల్లాంటివి) పెట్టొచ్చు, అందరికీ కుదరదు. బాబాయి వద్దన్నాడు, పప్పన్నం బానే లాగిస్తాడు.