అప్‌డేట్: మా బోర్డర్ కోలీ ఇప్పుడు పిలిస్తే వస్తోంది

మా బోర్డర్ కోలీ (గొర్రెలు కాసే జాతి కుక్క) పిల్లల మడమలు పట్టుకుంటోంది, బైకుల వెంట పడుతోంది, పిలిస్తే రాదు, ఏం చేయాలని అడిగాను కదా. సలహా ఇచ్చినవాళ్లందరికీ థాంక్స్.

అన్నిటికంటే పనికొచ్చింది "డౌన్". గొర్రెలు కాసే కోలీలకీ ఇది ముఖ్యమైన కమాండే: ఎక్కడున్నా ఆగి పడుకోవడం. ముందు హాల్లో, తర్వాత టెర్రస్ మీద, ఆ తర్వాతే పిల్లలు ఆడేచోట నేర్పాం. పిల్లలు పరిగెడుతుంటే తల దించి, కన్నార్పకుండా చూస్తుంది. సరిగ్గా అప్పుడే చెప్పాలి. ఉరికాక చెబితే చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

పిలిస్తే రావడానికి పొడవాటి తాడు, ఉడికించిన చికెన్ ముక్కలు. వచ్చినప్పుడల్లా ముక్క పెట్టి, మళ్లీ ఆటకి వదిలేస్తున్నాం. లేకపోతే పిలుపు వినబడితే ఆట అయిపోయినట్టేనని దానికి తెలిసిపోతుంది, మహా తెలివైనది! నాలుగు తగిలించమన్నవాళ్ల మాట మాత్రం వినలేదు, ఏమనుకోకండి.

బైకులు ఇంకా సమస్యే. దూరంగా నిలబడి, బైకు కనబడ్డప్పుడు నావైపు చూస్తే ముక్క ఇస్తున్నాను. ఆ దూరం మెల్లగా తగ్గించాలి. అప్పటిదాకా రోడ్డు మీద లీష్ తీసేది లేదు. వాకింగ్ కూడా పొద్దున్నే, తారు వేడెక్కకముందే.