అప్‌డేట్: కార్ఫ్ కోట చేతులు మారిన కథ

ఇంగ్లండ్‌లోని కార్ఫ్ కోట ఎవరెవరి చేతుల్లోంచి వచ్చింది, ఎలా కూలింది అని అడిగాను కదా, జవాబు దొరికింది. చెప్పిన అందరికీ థాంక్స్.

మొదట రాజులదే. 1572లో ఎలిజబెత్ రాణి దాన్ని తన ఆస్థానంలోని క్రిస్టఫర్ హ్యాటన్‌కు అమ్మేసింది. 1635లో న్యాయమూర్తి జాన్ బ్యాంక్స్ కొన్నాడు. రాజుకూ పార్లమెంటుకూ మధ్య జరిగిన అంతర్యుద్ధంలో బ్యాంక్స్ కుటుంబం రాజు పక్షాన ఉంది; 1643లో పార్లమెంటు సేన వేసిన ముట్టడిని ఆయన భార్య మేరీ తిప్పికొట్టింది. ఎంత గుండె ధైర్యం! చివరికి 1646లో లోపలి మనిషి ద్రోహం వల్లే కోట పోయింది. పార్లమెంటు మందుగుండు పెట్టించి పేల్చేసింది. ఆ దెబ్బకు ఒక ద్వారం బురుజు నిలువునా చీలి, సగం కిందికి జారి అలాగే నిలబడింది. కూలిన రాళ్లతో ఊళ్లో ఇళ్లు కట్టుకున్నారు.

తర్వాత మళ్లీ బ్యాంక్స్ వంశానికే దక్కింది. 1980ల నుంచి చారిత్రక కట్టడాలను కాపాడే సంస్థ నేషనల్ ట్రస్ట్ చూసుకుంటోంది. మేరీ దాచుకున్న కోట తాళాలు బ్యాంక్స్ వంశం వాళ్ల కింగ్‌స్టన్ లేసీ భవనంలో ఉన్నాయట, ఈసారి అవి తప్పకుండా చూడాలి.