కంపెనీ క్లౌడ్ ఖాతాలన్నింటికీ సింగిల్ సైన్‌ఆన్ పెట్టవచ్చా, పెట్టకూడదా?

బెజవాడ_అడ్మిన్
మా కంపెనీలో విజయవాడ, హైదరాబాదు శాఖలు కలిపి సుమారు 120 మంది పనిచేస్తున్నారు. మెయిల్ గూగుల్ వర్క్‌స్పేస్‌లో ఉంది. అమెజాన్ క్లౌడ్ సేవ ఏడబ్ల్యూఎస్‌లోని మూడు అకౌంట్లు, కోడ్ దాచుకునే గిట్‌హబ్, పనుల జాబితా నడిపే జిరా, జీతాల పోర్టల్ మాత్రం వేటి పాస్‌వర్డ్‌తో అవి నడుస్తున్నాయి. ఇటీవల ఒక పెద్ద క్లయింటు పంపిన భద్రతా ప్రశ్నావళిలో సింగిల్ సైన్‌ఆన్ (ఒకే లాగిన్‌తో అన్ని సేవల్లోకి వెళ్లే పద్ధతి) ఉన్నదా అని అడిగేసరికి, అన్నింటినీ గూగుల్ లాగిన్ కిందికి తీసుకురమ్మని యాజమాన్యం నాకు చెప్పింది. మా సీనియర్ ఒకరు మాత్రం ఇంటిల్లిపాది గదులకూ ఒకే తాళంచెవి పెట్టినట్టవుతుందని గట్టిగా వ్యతిరేకిస్తున్నారు. యాజమాన్యానికి నోట్ రాసేముందు ఈ పని చేసి చూసినవారి అభిప్రాయం తెలుసుకోవాలని అడుగుతున్నాను.

మాదాపూర్_సెక్యూరిటీ
పెట్టండి, ఇందులో తటపటాయించవలసింది ఏమీ లేదు. మీ దగ్గర ఒక ఉద్యోగి మానేసిన రోజున ఎన్ని చోట్ల అతని ఖాతా మూయవలసి వస్తుందో కూర్చుని జాబితా రాయండి. అందులో ఒక్కటైనా మరచిపోని అడ్మిన్‌ను నేను ఇంతవరకు చూడలేదు. 2024లో స్నోఫ్లేక్ అనే క్లౌడ్ డేటా సంస్థ కస్టమర్ల ఖాతాల మీద జరిగిన దాడిలో సుమారు 165 సంస్థలకు హెచ్చరికలు వెళ్లాయి. అక్కడ దొంగలు స్నోఫ్లేక్ సర్వర్లను బద్దలు కొట్టలేదు. ఎప్పుడో ఎవరి కంప్యూటర్లోనో చొరబడిన మాల్‌వేర్ ఎత్తుకుపోయిన పాస్‌వర్డ్‌లను పట్టుకుని, ఎంఎఫ్‌ఏ (పాస్‌వర్డ్‌తో పాటు మరో రుజువు అడిగే పద్ధతి) లేని ఖాతాల్లోకి మామూలు యూజర్లలాగే లాగిన్ అయ్యారు. ఆ పాస్‌వర్డ్‌లలో కొన్ని 2020 నాటివి, అంటే నాలుగేళ్లు ఎవరూ మార్చనివి. లాగిన్ ఒక్క చోటే ఉండి, ఆ చోట గట్టి ఎంఎఫ్‌ఏ పెట్టి, మిగతా అన్ని చోట్లా పాస్‌వర్డ్ అన్నదే లేకుండా చేస్తే ఆ దారి మూసుకుపోతుంది. ఏడబ్ల్యూఎస్ వైపు దీనికి వాడే ఐఏఎం ఐడెంటిటీ సెంటర్‌కు విడిగా రుసుము కూడా లేదు.

గోదావరి_ఇంజినీర్
2020 డిసెంబరు 14 సాయంత్రాన్ని ఇక్కడ ఎవరూ తలచుకోకపోవడం నాకు ఆశ్చర్యంగా ఉంది. గూగుల్‌లో లాగిన్‌లను చూసే కేంద్ర వ్యవస్థకు కేటాయించిన కోటాను ఒక ఆటోమేటిక్ యంత్రాంగం తగ్గించేయడంతో, మన గడియారం ప్రకారం ఐదుంబావు నుంచి ఆరు దాటేవరకు, దాదాపు 47 నిమిషాలు, లాగిన్ అవసరమైన గూగుల్ సేవలన్నీ ప్రపంచమంతటా ఆగిపోయాయి. మరుసటి ఏడాది మార్చి 15న మైక్రోసాఫ్ట్ లాగిన్‌లను చూసే అజూర్ యాక్టివ్ డైరెక్టరీలో కీలను మార్చే ప్రక్రియ, ఉంచవలసిన కీని తీసేసినందువల్ల, టీమ్స్ మొదలుకొని అనేక సేవలు గంటల తరబడి జనానికి అందలేదు. ఈ రోజు మీ మెయిల్ ఆగిపోయినా ఏడబ్ల్యూఎస్ కన్సోల్ తెరుచుకుంటుంది. రేపు మీ సర్వర్ పడిపోయిన రాత్రే గూగుల్ లాగిన్ కూడా పడిపోతే, ఆ సర్వర్‌ను లేపవలసిన మనిషి గుమ్మం బయట నిలబడతాడు. మీ సీనియర్ మాట విలువైనది, వినండి.

మాదాపూర్_సెక్యూరిటీ
47 నిమిషాల అంతరాయానికి భయపడి, ఏళ్ల తరబడి తెరిచి ఉండే పాత ఖాతాలను భరించమంటారా? అప్పటికే లాగిన్ అయి ఉన్నవారి ఏడబ్ల్యూఎస్ సెషన్ దాని గడువు తీరేవరకు నడుస్తూనే ఉంటుంది. అంతకు మించిన ఆపద కోసం అత్యవసర ఖాతాలు ఉంటాయి. సర్వాధికారాలున్న రూట్ ఖాతాకు హార్డ్‌వేర్ కీ పెట్టి బీరువాలో దాచాలి. సైన్‌ఆన్‌తో సంబంధం లేని అత్యవసర ఖాతాలు రెండు సృష్టించి, వాటిని ఇద్దరు వేర్వేరు బాధ్యులకు అప్పగించి, ఎవరు వాడినా అందరికీ అలర్ట్ వెళ్లేలా అమర్చాలి. మైక్రోసాఫ్ట్ కూడా తన వాడకందార్లకు కనీసం రెండు ఖాతాలను ఇలా విడిగా ఉంచమనే చెబుతుంది.

వరంగల్_డెవ్
పెడితే పెట్టండి గానీ, ఐడెంటిటీ సెంటర్‌లో పర్మిషన్ సెట్ (ఎవరికి ఏ అనుమతులో చెప్పే జాబితా) సెషన్ డిఫాల్టుగా ఒక గంటే ఉంటుంది, దాన్ని 12 గంటల వరకు పెంచుకోవచ్చు. పెంచకపోతే డెవలపర్లు టెర్మినల్‌లో గంటగంటకూ మళ్లీ లాగిన్ అవుతూ మిమ్మల్ని తిట్టుకుంటారు.

గోదావరి_ఇంజినీర్
మాదాపూర్ గారు బీరువా గురించి చెప్పారు, సర్టిఫికెట్ గురించి మాత్రం చెప్పలేదు. గూగుల్ వర్క్‌స్పేస్ ఇచ్చే సామెల్ (ఒక చోటి లాగిన్‌ను మరో సేవ నమ్మేలా చేసే ప్రమాణం) సర్టిఫికెట్‌కు గడువు ఐదేళ్లు. దాన్ని అమర్చిన మనిషి ఐదేళ్ల తరవాత అదే కంపెనీలో ఉంటాడని మన ఊళ్లలో ఎవరు హామీ ఇవ్వగలరు? గడువు తీరిన ఉదయం ఏం జరుగుతుందో నేను దగ్గరుండి చూశాను. గూగుల్ పేజీలో లాగిన్ సాఫీగా అవుతుంది, రెండో అడుగులో అప్లికేషన్ ఆ సర్టిఫికెట్ డిజిటల్ సంతకాన్ని ఒప్పుకోదు, తెర మీద కనిపించే సందేశంలో సర్టిఫికెట్ అన్న మాటే ఉండదు. అందరూ తమ పాస్‌వర్డే తప్పనుకుని మార్చుకుంటూ కూర్చుంటారు, మధ్యాహ్నానికి గానీ అసలు కారణం బయటపడదు. విడివిడి పాస్‌వర్డ్‌లున్న కంపెనీలో ఒకే ఉదయం అందరూ ఇలా నిలిచిపోవడం జరగదు.

మాదాపూర్_సెక్యూరిటీ
సర్టిఫికెట్ గడువు క్యాలెండర్‌లో రాసుకోవలసిన ఒక తేదీ మాత్రమే. దాని కోసం మొత్తం పద్ధతినే కాదనడం తర్కం అనిపించుకోదు.

గోదావరి_ఇంజినీర్
ఎవరి క్యాలెండర్‌లో రాసుకోవాలో చెప్పండి. మానేసిన వ్యక్తి క్యాలెండర్‌ను మీరే కదా మూసేది?

ఫ్రిస్కో_తెలుగు
మీరిద్దరూ సాంకేతిక భాగం దగ్గరే ఆగిపోయారు. 2023 సెప్టెంబరులో ఇక్కడ అమెరికాలో ఎమ్‌జీఎమ్ రిసార్ట్స్ అనే హోటళ్ల సంస్థ మీద జరిగిన దాడికి దారి వేసినది హెల్ప్‌డెస్క్‌ను మాటలతో మోసగించడమేనని వార్తలొచ్చాయి, నష్టం దాదాపు 10 కోట్ల డాలర్లని కంపెనీయే ప్రకటించింది. అదే ఏడాది ఆగస్టులో, అడ్మిన్ల ఎంఎఫ్‌ఏను రీసెట్ చేయించుకునేందుకు హెల్ప్‌డెస్క్‌లకు మోసపు ఫోన్లు వస్తున్నాయని లాగిన్ సేవలందించే ఓక్టా సంస్థ ముందే హెచ్చరించింది. అన్నీ ఒకే లాగిన్ కిందికి తెస్తే, ఆ లాగిన్‌ను ఫోన్‌లో రీసెట్ చేయగల కుర్రాడే మీ కంపెనీకి అసలైన కాపలాదారు అవుతాడు. ముందు ఆ పద్ధతిని సరిచేయండి.

బెజవాడ_అడ్మిన్
ఖర్చు విషయం కూడా ఉంది. గిట్‌హబ్‌లో మేము టీమ్ ప్లాన్‌లో ఉన్నాం, మనిషికి నెలకు 4 డాలర్లు. సామెల్ లాగిన్ కావాలంటే ఎంటర్‌ప్రైజ్ ప్లాన్‌కు మారాలి, దాని ప్రకటిత ధర 21 డాలర్లు. మాకున్న 45 మంది డెవలపర్లకు నెలకు 765 డాలర్లు అదనంగా పడుతుంది. ఒక్క లాగిన్ సౌకర్యం కోసం ఇంత పెట్టమని నేను ఎలా అడగగలను?

మాదాపూర్_సెక్యూరిటీ
గిట్‌హబ్‌ను చివరకు ఉంచండి. సంస్థలో అందరికీ టూ ఫ్యాక్టర్ తప్పనిసరి చేసే వీలు టీమ్ ప్లాన్‌లోనే ఉంది, ప్రస్తుతానికి దానితో సరిపెట్టుకోండి. మొదట ఏడబ్ల్యూఎస్ చేయండి, ప్రమాదం అక్కడే ఎక్కువ. గూగుల్ నుంచి స్కిమ్ (యూజర్ల జాబితాను మరో సేవకు పంపే ప్రమాణం) ద్వారా యూజర్లు వాటంతట అవే వస్తారు. నేను అమర్చినప్పుడు గ్రూపులు మాత్రం రాలేదు, వాటిని ఐడెంటిటీ సెంటర్‌లో చేత్తో సృష్టించవలసి వచ్చింది. అందరూ మరచిపోయే సంగతి ఇంకొకటి ఉంది. గూగుల్ ఖాతాను సస్పెండ్ చేసినా, పాత ఐఏఎం యూజర్ (ఏడబ్ల్యూఎస్‌లోనే సృష్టించిన ఖాతా) పేరు మీద ఎప్పుడో తీసుకున్న యాక్సెస్ కీ (ప్రోగ్రాములు లాగిన్‌కు వాడే రహస్య కీ) బతికే ఉంటుంది. క్రెడెన్షియల్ రిపోర్ట్ దించుకుని, ప్రతి కీ చివరిసారి ఎప్పుడు వాడారో చూసి, ఐఏఎం యూజర్లను ఒక్కొక్కరినీ తొలగించుకుంటూ రండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నేను పూర్వం పనిచేసిన ఒక కంపెనీలో, మానేసి వెళ్లిన వ్యక్తి కీ ఒక బిల్డ్ స్క్రిప్టులో మిగిలిపోయింది. అది ఎవరి చేతిలోనో పడి, ఒక వారాంతంలో మా అకౌంటులో క్రిప్టో మైనింగ్ సర్వర్లు లేచాయి. ఆ కీ ఉన్న సంగతి నాకు చెప్పినవారు లేరు, సంజాయిషీ రాయమని మాత్రం నన్నే అడిగారు.

గోదావరి_ఇంజినీర్
అంటే సైన్‌ఆన్ ఉన్నా ఆ కీ ఆగేది కాదని మీరే ఒప్పుకుంటున్నారు. మీకు నష్టం చేసిన సంఘటనకు మీరు చెబుతున్న మందు పనిచేయదు, అయినా అందరికీ అదే మందు రాసిస్తున్నారు.

మాదాపూర్_సెక్యూరిటీ
ఆ కీలే అవసరం లేకుండా, కొద్ది గంటల్లో గడువు తీరిపోయే తాత్కాలిక అనుమతులు ఇవ్వడమే ఈ పద్ధతి ప్రయోజనం. దీన్ని మూడోసారి చెబుతున్నాను. మీరు మొదట అంతరాయమన్నారు, తరవాత సర్టిఫికెట్ అన్నారు, ఇప్పుడు కీ అంటున్నారు. ఒక్కోదానికి జవాబు వచ్చేసరికి ఇంకోదాని మీదికి దూకుతున్నారు. ఒక్క చోట తన పేరు తీసేస్తే అన్ని చోట్లా పోతుందన్న సంగతికి ఇంతగా ఉలిక్కిపడే ఉద్యోగిని నేనైతే అనుమానిస్తాను.

గోదావరి_ఇంజినీర్
అనుమానించండి, కానీ ముందు ఇది పూర్తిగా చదవండి. మా పాత కంపెనీలో ఒక ఉదయం నన్ను మీటింగ్ గదిలోకి పిలిచి, ఉద్యోగం తీసేస్తున్నామని చెప్పారు. ఆ మాట పూర్తి కాకముందే నా ఫోన్‌లో మెయిల్ ఆగిపోయింది. కోడ్, సర్వర్లు, క్లయింటు ఫైళ్లు వారివి. వాటిని ఆ క్షణాన మూసేసినందుకు నాకు ఏ బాధా లేదు. అయితే జీతాల పోర్టల్ కూడా అదే లాగిన్ కింద ఉంది కనుక నా పేస్లిప్‌లు కూడా అదే నిమిషంలో పోయాయి. అప్పటికే ఇంటి రుణానికి దరఖాస్తు పెట్టి ఉన్నాను, బ్యాంకువారు చివరి మూడు నెలల పేస్లిప్‌లు అడిగారు. కంపెనీకి ఫోన్ చేస్తే టికెట్ పెట్టమన్నారు, టికెట్లు పెట్టే పోర్టల్‌కూ అదే లాగిన్. జూన్‌లో ఫారం 16 వచ్చింది, నేను తెరవలేని ఆ పాత కంపెనీ మెయిల్‌కే వచ్చింది. నా సొంత పత్రాల కోసం పాత సహోద్యోగులను బతిమాలవలసి వచ్చింది. అందరినీ ఒక్క నొక్కుతో బయటపెట్టగల మీట అడ్మిన్ చేతికి ఇచ్చేటప్పుడు, దాని కింద ఏమేమి ఉన్నాయో ఎవరూ చూడరు. నేను అడుగుతున్నది మొదటి నుంచీ అదే.

మాదాపూర్_సెక్యూరిటీ
మొదటి నుంచీ మీరు అడిగినది అంతరాయం, సర్టిఫికెట్ గురించి. ఈ సంగతి ముందే రాసి ఉంటే నా జవాబు వేరుగా ఉండేది. అనుమానిస్తానన్న మాటను వెనక్కి తీసుకుంటున్నాను. కానీ తీసేసిన వ్యక్తి అనుమతులు ఆ నిమిషమే ఆగాలన్న దాంట్లో నాకు మార్పు లేదు. ఏడబ్ల్యూఎస్‌లో అప్పటికే తెరిచిన రోల్ సెషన్లు, గూగుల్ ఖాతా మూసిన తరవాత కూడా గడువు వరకు నడుస్తాయి. అందుకే ప్రొడక్షన్ అకౌంటుకు సెషన్ ఒక గంటకు మించకూడదని చెబుతాను.

కాకినాడ_హెచ్‌ఆర్
నేను హెచ్‌ఆర్ వైపు మనిషిని, సామెల్ గురించి నాకు తెలియదు గానీ, గోదావరి గారు చెప్పినటువంటి ఫోన్లు నాకు ప్రతి జూన్‌లోనూ వస్తాయి. ఇందులో దురుద్దేశం ఏమీ ఉండదు. పోర్టల్ పెట్టే రోజున ఐటీవారు దాన్ని కూడా జాబితాలో చేర్చుతారు, మమ్మల్ని ఎవరూ అడగరు, ఉద్యోగి వెళ్లిపోయాక గానీ అది మా దృష్టికి రాదు. మా జీతాల వెండర్ దగ్గర, వెళ్లిపోయినవారికి సొంత మెయిల్, మొబైల్ ఓటీపీతో లాగిన్ ఇచ్చే ఏర్పాటు ముందునుంచీ ఉంది. ఎవరూ అడగనందువల్ల అది ఆన్ చేసి లేదు. మేము ఇప్పుడు ఉద్యోగి చేరిన రోజునే సొంత మెయిల్ తీసుకుని, పేస్లిప్‌లు, ఫారం 16, రిలీవింగ్ లెటర్ మూడూ దానికే పంపుతున్నాం. బెజవాడ గారూ, మీ జాబితా నుంచి జీతాల పోర్టల్‌ను ఉంచాలా వద్దా అని తేల్చుకునే ముందు మీ హెచ్‌ఆర్‌వారితో ఒకసారి కూర్చోండి.

వరంగల్_డెవ్
చేరిన రోజున సొంత మెయిల్ తీసుకోవడం మా దగ్గర కూడా లేదు. రేపే అడుగుతాను.

బెజవాడ_అడ్మిన్
నోట్‌లో ఇలా రాస్తున్నాను. మొదటి విడతలో ఏడబ్ల్యూఎస్, జిరా మాత్రమే గూగుల్ లాగిన్ కిందికి వస్తాయి. పాత ఐఏఎం యూజర్లను, వారి కీలను తొలగిస్తాం. రెండు అత్యవసర ఖాతాలు మేనేజింగ్ డైరెక్టర్ దగ్గర ఒకటి, నా దగ్గర ఒకటి ఉంటాయి. సర్టిఫికెట్ గడువు మనుషుల పేర్లతో కాకుండా ఐటీ విభాగపు ఉమ్మడి క్యాలెండర్‌లో నమోదవుతుంది. ఎంఎఫ్‌ఏ రీసెట్ ఫోన్‌లో చేయరు, వీడియోలో మనిషిని చూసి, అతని మేనేజరును అడిగిన తరవాతనే చేస్తారు. జీతాల పోర్టల్ ఈ పరిధిలోకి రాదు, దానికి విడిగా టూ ఫ్యాక్టర్ ఉంటుంది. గిట్‌హబ్ సంగతి వచ్చే ఆర్థిక సంవత్సరంలో చూస్తాం.

గోదావరి_ఇంజినీర్
ఇందులో ఖాతా మూయమని ఆదేశం ఎవరు ఇవ్వాలో లేదు. హెచ్‌ఆర్ నుంచి సమయంతో సహా లిఖితపూర్వకంగా రావాలని చేర్చండి. అడ్మిన్ తనంతట తాను ఎవరినీ మూయకూడదు.

మాదాపూర్_సెక్యూరిటీ
దీనికి నేను ఒప్పుకోను. రాత్రి రెండు గంటలకు ఒక ఖాతా దొంగల చేతిలో పడిందని తెలిస్తే హెచ్‌ఆర్ సంతకం కోసం ఆగడం కుదరదు. ముందు మూసి, తెల్లవారాక రాతపూర్వకంగా కారణం చెప్పే అధికారం అడ్మిన్‌కు ఉండాలి.

గోదావరి_ఇంజినీర్
దొంగతనం జరిగినప్పుడు మూయండి, అభ్యంతరం లేదు. ఉద్యోగం నుంచి తీసేసేటప్పుడు మాత్రం ఆదేశం కాగితం మీద ఉండాలి. ఈ రెండింటినీ ఒకే వాక్యంలో కలపకుండా నోట్‌లో విడివిడిగా రాయండి, బెజవాడ గారూ.