వీడియో అప్‌లోడ్‌లకి సర్వర్ పడిపోతోంది, ఫోన్ నుంచి నేరుగా ఎస్3కి (అమెజాన్ క్లౌడ్ స్టోరేజ్) పంపొచ్చా?

ప్రశ్న:
అందరికీ నమస్తే. బెంగళూరు మారతహళ్లిలో ఒక చిన్న కంపెనీలో బ్యాకెండ్ టీమ్ నేను. టీమ్ అంటే నేనొక్కడినే. బిల్డింగ్ సైట్ల ఇంజినీర్లు రోజూ స్లాబ్ పని వీడియో తీసి మా యాప్‌లో పెడతారు. ఒక్కోటి 200 నుంచి 400 ఎంబీ. అందరూ సైట్ నుంచి బయల్దేరే ముందు, సాయంత్రం ఆరూ ఏడు మధ్యే పెడతారు.

నోడ్ జేఎస్‌లో మల్టర్ అనే అప్‌లోడ్ లైబ్రరీతో ఫైల్ మొత్తం మెమరీలోకి తీసుకుని, తర్వాత ఎస్3కి పంపుతున్నా. సర్వర్‌కి ఉన్నది 2 జీబీ ర్యామ్. ఐదారుగురు ఒకేసారి పెట్టగానే ప్రాసెస్ చచ్చిపోతుంది. మొన్న శుక్రవారం ఊరెళ్తూ టిన్ ఫ్యాక్టరీ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని, ఒంగోలు బస్సులోంచే ఫోన్‌తో మూడుసార్లు రీస్టార్ట్ చేశా. 8 జీబీ మెషీన్ అడిగితే మా సారు "ముందు కోడ్ చూడవయ్యా" అన్నారు.

జవాబు:
మీ సారు చెప్పిందే కరెక్ట్ తమ్ముడూ. ఆ వీడియో మీ సర్వర్ గడప తొక్కాల్సిన పనే లేదు. ప్రీసైన్డ్ యూఆర్ఎల్ వాడు. సర్వర్ సంతకం చేసిన లింక్ ఒకటి ఇస్తుంది, ఫోన్ ఆ లింక్‌కే ఫైల్‌ని పుట్ చేస్తుంది, అంటే నేరుగా ఎస్3కి పంపుతుంది. గడువు 15 నిమిషాలు చాలు. అప్‌లోడ్ గడువులోపు మొదలైతే, మధ్యలో గడువు దాటినా ఆగదు. తెగిపోయి మళ్లీ మొదలెడితే మాత్రం కొత్త లింక్ కావాలి. ఫైల్ పేరు యూజర్ ఇచ్చింది పెట్టకు, సర్వరే తయారు చెయ్యాలి. లేకపోతే ఒకరి వీడియో మీద ఇంకొకరిది పడుతుంది.

అడిగినవారు:
పెట్టా అన్నా. ఆండ్రాయిడ్‌లో దూసుకెళ్తోంది. ఐఫోన్ వాళ్లకి మాత్రం 403 (అనుమతి లేదు) ఎర్రర్, సిగ్నేచర్ కలవట్లేదంటోంది. పొద్దున్నుంచీ టెన్షన్.

జవాబు:
సంతకంలో కంటెంట్ టైప్ (ఫైల్ ఏ రకమో చెప్పేది) ఏం పెట్టారు? వీడియో/ఎంపీ4 అనే కదా? ఐఫోన్ కెమెరా ఇచ్చే ఎంఓవీ ఫైల్ టైప్ వీడియో/క్విక్‌టైమ్. సంతకం ఒకదానికి, పంపేది ఇంకోటి అయితే ఎస్3 ఒప్పుకోదండీ. ముందు ఫోన్‌ని టైప్ అడిగి, దానితోనే లింక్ తయారు చేయండి. నాకూ ఇక్కడే రెండు రోజులు పోయాయి.

అడిగినవారు:
అదేనండీ! ఎర్రర్ పోయింది. ఇంకొకటి: బేస్‌మెంట్ సైట్లలో సిగ్నల్ పోతే 90 శాతం అయినది కూడా మళ్లీ సున్నా నుంచే.

జవాబు:
దానికి మల్టీపార్ట్, అంటే ఫైల్‌ని ముక్కలుగా పంపడం. ఒక్క పుట్‌లో 5 జీబీ దాకా వెళ్తుంది నిజమే, కానీ 100 ఎంబీ దాటితే ముక్కలు చేయడమే నయం. చివరిది తప్ప ఏ ముక్కా 5 ఎంబీకి తగ్గకూడదు, మొత్తం 10,000 ముక్కలు మించకూడదు. ఒక్కో ముక్కకి ఒక్కో లింక్. తెగిన ముక్క ఒక్కటే మళ్లీ పంపుతావు. ప్రతి ముక్కకీ ఎస్3 నుంచి వచ్చే ఈట్యాగ్ (ఆ ముక్క గుర్తు) దాచుకో, చివర్లో కంప్లీట్ చేసేటప్పుడు అవన్నీ ఇవ్వాలి.

సగంలో వదిలేసిన ముక్కలు బకెట్ (ఎస్3లో ఫైళ్లు ఉండే చోటు) లిస్ట్‌లో కనపడవు, బిల్లులో మాత్రం పడతాయి. 7 రోజులకి అవి చెరిగిపోయేలా లైఫ్‌సైకిల్ రూల్ ఈరోజే పెట్టెయ్.

అడిగినవారు:
రూల్ పెట్టేశా అన్నా. పూర్తికాని అప్‌లోడ్‌ల లిస్ట్ తీస్తే 23 ఉన్నాయి. అన్నీ మా అక్క పెళ్లి వీడియోనే. టెస్టుకి అదే వాడా.