‘కలడో లేడో’ అన్న మాటలో ఉన్నది అనుమానమేనా?

మిత్రులకు నమస్కారం. మా అబ్బాయికి పోతన గజేంద్రమోక్షం చెబుతుంటే ఈ కందం దగ్గర ఆపేశాడు.

కలడందురు దీనులయెడ
గలడందురు పరమయోగి గణముల పాలన్
గలడందురన్ని దిశలను
గలడు కలండనెడివాడు గలడో లేడో

“రక్షించమని మొక్కుతూనే ఉన్నాడో లేడో అంటాడేమిటి?” అని అడిగాడు. కష్టంలో అనుమానం వచ్చిందిలే అన్నాను గానీ, ఆ జవాబు నాకే నచ్చలేదు. పోతన వంటి భక్తుడు ఈ మాట ఎందుకు రాశాడు?

*

మీ అబ్బాయి ఆగవలసిన చోటే ఆగాడండీ. సంస్కృత భాగవతంలో గజేంద్రుడి స్తుతి అష్టమ స్కంధం మూడో అధ్యాయంలో ఉంది. అందులో ఈ సందేహం లేదు. ఇది పోతన సొంతం.

ముందు ‘అందురు’ చూడండి. అంటారు, అంతే. ఎవరంటారో లేదు. మూడు పాదాల్లో మూడుసార్లు చెప్పింది విన్న మాటే. నాలుగో పాదంలో ఆ విన్న మాటలన్నీ ‘కలండనెడివాడు’ అన్న ఒక్క పేరుగా మారాయి. ఉన్నాడని జనం చెప్పేవాడు అన్నమాట. అప్పటికి గాని ఏనుగు తన సొంత ప్రశ్న అడగలేదు. పద్యంలో ‘కలడు’ ఆరుసార్లు, ‘లేడు’ ఒక్కసారి.

తెలుగులో సత్యాన్ని ‘ఉన్నమాట’ అంటాం, అబద్ధాన్ని ‘లేనిపోని మాట’ అంటాం. సంస్కృతంలోనూ ‘సత్యం’ పుట్టింది ‘సత్’ నుంచే, అంటే ఉన్నది. కాబట్టి ‘కలడో లేడో’ అని అడగడం సత్యమేదని అడగడమే. ఋగ్వేదం పదో మండలంలోని నాసదీయ సూక్తం కూడా ఇలాంటి ప్రశ్నతోనే ముగుస్తుంది: ‘సో అంగ వేద యది వా న వేద’. ఈ సృష్టి ఎలా పుట్టిందో పైనుంచి చూసేవాడికి తెలుసునేమో, ఆయనకూ తెలియదేమో! అంతమాత్రాన ఆ ఋషిని నాస్తికుడు అనలేం. అక్కడ సందేహం ఆయనకు తెలుసా అని. పోతన ఏనుగు ఇంకా లోతుకు దిగి, అసలు ఉన్నాడా అని అడిగింది.

వెంటనే వచ్చే సీసం కూడా చదవండి: ‘కలుగడే నాపాలి కలిమి సందేహింప గలిమిలేములు లేక గలుగువాడు’. ఈనాడు కలిమి అంటే డబ్బు, లేమి అంటే పేదరికం. మాటల పుట్టుక చూస్తే అవి ఉండటం, లేకపోవడం. ఆ రెండూ లేకుండా ఉండేవాడట! ‘కలడో లేడో’ అన్న ప్రశ్నే అతనికి సరిపోదని ఆ నోటితోనే అనిపించాడు. తెలుగు క్రియతో ఇంత పని చేయించిన పద్యం నాకు మరొకటి కనబడలేదు.

*

మా గురువుగారు దీన్ని ఎత్తిపొడుపుగా చెప్పేవారు. దేవుడికి రోషం వచ్చి పరుగెత్తుకొస్తాడని అలా అన్నాడట. సందేహం అనడం నాకు కష్టంగా ఉంది.

*

ఆ భావమూ అందమైనదే. కానీ ఎత్తిపొడవాలంటే వినేవాడు ఎదుట ఉండాలి, ‘నీవు ఉన్నావా’ అనాలి. ఇక్కడ ఉన్నది ‘వాడు’. ‘నీవు’ కోసం కాస్త ముందుకు వెళ్లాలి: ‘లావొక్కింతయు లేదు... నీవే తప్ప నితఃపరం బెరుగ మన్నింపందగున్ దీనునిన్’. దేవుడి పక్కన పెట్టిన ‘లే’ ఇప్పుడు తన బలం పక్కకు వచ్చింది. లేనిది ఆయన కాదు, తన లావు. ‘కలడందురు దీనులయెడ’ అన్నప్పుడు ఆ దీనులు ఎవరో వేరేవాళ్లు. ఇక్కడ ‘దీనునిన్’ అన్నది తననే.

మీ అబ్బాయికి ఈ రెండు పద్యాలూ ఒకేసారి చదివి వినిపించండి.